డిసెంబరులో పరుగెత్తిన ప్రాసెసర్ మేలో ఎందుకు మొరాయిస్తోంది?

ఖమ్మం నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇదీ.

ఆయన వయసు 26. మూడు ఫొటో స్టూడియోలకు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి ఇస్తారు. ఇల్లు పై అంతస్తులో ఉంది, నెత్తిన స్లాబు తప్ప ఇంకేమీ లేదు. నాన్న దర్జీ. మూడేళ్ల కిందట అప్పు చేసి కంప్యూటర్ కట్టించుకున్నారు. ఇంటెల్ ఐ7-12700కే ప్రాసెసర్, జెడ్690 మదర్‌బోర్డుల్లో చౌక రకం, ఆర్టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ మీద ఆరు పైపుల పెద్ద గాలి కూలర్. గత డిసెంబరులో ఒక మిత్రుడు వచ్చి, "కే ప్రాసెసర్ కొని ఓవర్‌క్లాక్ చేయకపోతే బండి కొని తోసుకుంటూ పోయినట్టే" అన్నాడు. పేరు చివర కే ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ల వేగాన్ని కంపెనీ పెట్టిన దానికన్నా పెంచుకోవచ్చు, అలా పెంచడమే ఓవర్‌క్లాక్. వీడియోలు చూస్తూ, బోర్డు సెట్టింగ్‌లు ఉండే బయోస్‌లోకి వెళ్లి, ప్రాసెసర్‌లో లెక్కలు చేసే పెద్ద కోర్లన్నిటినీ 5.2 గిగాహెర్ట్జ్‌కు ఎక్కించి, వోల్టేజీని 1.40 దగ్గర బిగించాడు. ప్రాసెసర్ ఎంత కరెంటు తినొచ్చో చెప్పే పవర్ లిమిట్లు ఎత్తేశాడు. వేడి తగ్గుతుందని ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌ను ఆపేశాడు. పది నిమిషాల పెళ్లి సినిమాను తుది ఫైలుగా తీసే ఎక్స్‌పోర్ట్ అంతకుముందు 14 నిమిషాలు తీసుకునేది, 13కు దిగింది. వేడి 86 డిగ్రీలు. అందరూ సంతోషించారు.

ఏప్రిల్ వచ్చింది. అదే సెట్టింగ్, అదే పని. ఇప్పుడు కాసేపటికే 100 డిగ్రీలు తాకి వేగం 4.3కి పడిపోతోంది. ఒక్కోసారి 88 డిగ్రీలే ఉన్నా ఉన్నట్టుండి 3 గిగాహెర్ట్జ్ కన్నా కిందికి జారి, కొంతసేపటికి మళ్లీ లేస్తోంది. 13 నిమిషాల ఎక్స్‌పోర్ట్ 17 అయింది. రెండు రాత్రులు తెర బిగుసుకుపోయింది. ఒక వీడియోలో సరిగ్గా జీలకర్ర, బెల్లం పెట్టే దగ్గర మూడు ఫ్రేముల్లో ఆకుపచ్చ గీత వచ్చింది. స్టూడియో యజమాని నలుగురి ముందు మాటన్నారు. క్యాబినెట్ పక్క తలుపు తీసి గది కూలర్‌ను దానికేసి తిప్పితే 6 డిగ్రీలు తగ్గింది కానీ లోపల తెల్లటి పొడి పేరుకుంటోంది. మీటరు 214 యూనిట్లు తిరిగి, అప్పటిదాకా వస్తున్న జీరో బిల్లు పోయింది. నాన్న రోజూ అదే మాట. చేతిలో 10 వేలు ఉన్నాయి. కొడుకు 360 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్ కొందామంటున్నారు, తండ్రి స్లాబుకు తెల్ల పెయింటు వేయిద్దామంటున్నారు. మిత్రుడేమో ప్రాసెసర్ మూత తీసి, వేడిని బాగా లాగే ద్రవ లోహం, లిక్విడ్ మెటల్, వేద్దామంటున్నాడు. "నా ప్రాసెసర్ కాలిపోతుందా? ఏం చేయను? అసలు కే కొనడమే నా తప్పా?" అని అడిగారు.

ముందు భయం సంగతి చూద్దాం. కాలిపోదు. మీ ప్రాసెసర్‌కు కంపెనీ పెట్టిన గరిష్ఠ హద్దు 100 డిగ్రీలు. అక్కడికి చేరగానే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దాన్నే థ్రాట్లింగ్ అంటున్నాం. మీ ఊరి మిర్చి యార్డులో హమాలీ మే నెల ఎండలో బస్తాలు మోస్తూ మోస్తూ కాసేపు నీడన ఆగితే దాన్ని జబ్బు అనం కదా. ఆగకపోతేనే జబ్బు. 2001 నాటి ఏఎండీ అథ్లాన్ 1.4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్లకు ఈ తెలివి ఉండేది కాదు, నడుస్తుండగా పైనుండే వేడి లాగే లోహపు దిమ్మె, హీట్‌సింక్, ఊడితే క్షణాల్లో పొగ వచ్చేది. అదే కాలపు ఇంటెల్ పెంటియమ్ 4 మాత్రం నత్తలా నడుస్తూనైనా బతికి బయటపడేది. ఇవాళ అన్ని ప్రాసెసర్లకూ ఆ తెలివి ఉంది. అయితే రోజుకు ఐదు గంటలు, నెలల తరబడి 100 దగ్గరే కూర్చోబెట్టడం, అందులోనూ 1.40 వోల్టులతో, మంచిది కాదు. రేపే చావదు గానీ ఆయుష్షు తగ్గుతుంది. టెన్షన్ పడాల్సినంత లేదు, వదిలేయాల్సినంత చిన్నదీ కాదు.

ఇక డిసెంబరులో నడిచింది ఇప్పుడెందుకు నడవడం లేదు? మీ ఉత్తరంలోనే జవాబు ఉంది, మీరు గమనించలేదంతే. చలికాలం రాత్రి గది 24 డిగ్రీలు అని రాశారు, ఇప్పుడు 38 అని రాశారు. తేడా 14. డిసెంబరులో ప్రాసెసర్ 86. దానికి 14 కలపండి: సరిగ్గా 100. గాలితో చల్లబరిచే ఏ కూలరైనా గది వేడికి పైన ఇన్ని డిగ్రీలు అనే లెక్కమీదే పనిచేస్తుంది. మీ కూలర్ పాడవలేదు, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసే పేస్ట్ ఎండిపోయిందన్న గట్టి ఆధారమూ కనిపించడం లేదు. చలికాలంలో కుట్టించుకున్న చొక్కా వేసవిలో ఉక్కపోస్తోంది, అంతే. మూడేళ్లయింది కాబట్టి థర్మల్ పేస్ట్ మార్చడం మంచిదే, ఒకటి రెండు డిగ్రీలు రావచ్చు. అద్భుతాలు ఆశించకండి.

అసలు కథ ఆ 5.2లో ఉంది. ప్రాసెసర్ తినే కరెంటు వేగంతో మామూలుగా పెరుగుతుంది కానీ వోల్టేజీతో వర్గం లెక్కన పెరుగుతుంది. కంపెనీ సెట్టింగ్‌లో మీ పెద్ద కోర్లన్నీ కలిసి 4.7 దగ్గర నడుస్తాయి. అప్పుడు వోల్టేజీ సుమారు 1.22 ఉండేదని మీరు తీసిన ఫొటోలో కనిపిస్తోంది. 4.7 నుంచి 5.2 అంటే వేగం పదిన్నర శాతం పెరిగింది. 1.22 నుంచి 1.40 అంటే వోల్టేజీ దాదాపు 15 శాతం, దాన్ని వర్గం చేస్తే 32 శాతం. రెండూ కలిపి చూస్తే కరెంటు 45 శాతానికి పైగా ఎక్కువ. ఎక్స్‌పోర్ట్‌లో ఇదివరకు 150 వాట్లు తినేది ఇప్పుడు 218 తింటోంది. పదిన్నర శాతం వేగం కోసం 45 శాతం వేడి. ఆ పదిన్నర శాతమైనా మీ చేతికి పూర్తిగా వచ్చిందా? 14 నిమిషాలు 13 అయింది, అంటే ఏడు శాతం. అదీ చలికాలంలో. ఈ బేరంలో మీరు గెలిచింది ఒక్క నిమిషం. ఇప్పుడు మూడు నిమిషాలు ఎదురు కడుతున్నారు.

ఉత్తరం మొత్తంలో నన్ను ఆపిన మాట మరొకటి ఉంది. "88 డిగ్రీలే ఉన్నా వేగం 3 కన్నా కిందికి పడుతోంది." ఇది మొదటి సమస్య కాదు, వేరేది. చాలామంది రెండిటినీ ఒకటే అనుకుని ప్రాసెసర్ కూలర్ మారుస్తూ పోతారు. 100 తాకి 4.3కి దిగడం ప్రాసెసర్ వేడి వల్ల. 88 దగ్గరే ధబాలున పడిపోతోందంటే నా అనుమానం బోర్డు మీద. ప్రాసెసర్ సాకెట్ చుట్టూ చిన్న చిన్న నల్ల ముక్కలు వరసగా ఉంటాయి, 12 వోల్టుల కరెంటును ప్రాసెసర్‌కు కావలసిన ఒకటిన్నర లోపు వోల్టులకు దించేవి అవే. వాటిని వీఆర్ఎమ్ అంటారు. 218 వాట్లను 1.40తో భాగించి చూడండి, 155 యాంపియర్లు! మన ఇళ్లలో చాలా వాటికి మెయిన్ ఎంసీబీయే 32 యాంపియర్లది. అంత ప్రవాహం చౌక బోర్డు మీది బొటనవేలంత అల్యూమినియం రేకుల కింద నుంచి పోతోంది. అవి వేడెక్కితే బోర్డు ప్రాసెసర్‌ను గట్టిగా వెనక్కి లాగుతుంది.

అనుమానం తీర్చుకోవడం సులువు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టి, ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా చూడండి. ప్రాసెసర్ కింద థర్మల్ థ్రాట్లింగ్ అన్న వరస ఎదుట "ఎస్" అని వస్తే ప్రాసెసర్ వేడి. అది "నో" అనే ఉండి, బోర్డు భాగంలో వీఆర్ మాస్ అనే అంకె 100 దాటుతూ ఉంటే నేను చెప్పినదే. కొన్ని చౌక బోర్డులకు ఆ సెన్సర్ ఉండదు. అప్పుడు పాత పద్ధతి: ఒక చిన్న ఫ్యాన్‌ను ఆ రేకుల మీదికి గాలి కొట్టేలా పట్టుకుని మళ్లీ నడపండి. ఆ హఠాత్ పతనం ఆగిపోతే దొంగ దొరికినట్టే.

దొంగ అదే అయితే లిక్విడ్ కూలర్ సంగతి తిరగబడుతుంది. ఇప్పుడు మీ గాలి కూలర్ ఫ్యాన్ విసిరే గాలిలో కొంత ఆ వీఆర్ఎమ్ మీదికీ పోతోంది. లిక్విడ్ కూలర్ పెడితే సాకెట్ దగ్గర పంపు మాత్రమే ఉంటుంది, ఫ్యాన్లన్నీ దూరంగా క్యాబినెట్ పైకప్పుకో ముందువైపుకో పోతాయి. ప్రాసెసర్ చల్లబడుతుంది, బోర్డు ఇంకా వేడెక్కుతుంది. 10 వేలు పెట్టాక కూడా అదే 3 గిగాహెర్ట్జ్ చూసి మీరు నాకు ఇంకో ఉత్తరం రాస్తారు.

ఇప్పుడు ఆకుపచ్చ గీత. మీరు దాన్ని ఉత్తరం చివర్లో, సిగ్గుపడుతూ రాశారు. నేనైతే మొదటి వాక్యంలో రాసేవాణ్ణి. ఎందుకంటే వేగం తగ్గితే మీకు నిద్ర పోతుంది, అంతే. లెక్క తప్పితే ఎవరి పెళ్లో పోతుంది. ప్రాసెసర్‌కు వేడి పెరిగేకొద్దీ అదే వేగం నిలబెట్టడానికి ఇంకొంచెం వోల్టేజీ కావాలి. 86 దగ్గర సరిపోయిన 1.40, 98 దగ్గర సరిపోకపోవచ్చు. అప్పుడు కంప్యూటర్ ప్రతిసారీ కుప్పకూలదు. నెమ్మదిగా, చప్పుడు లేకుండా ఒక లెక్క తప్పు చేసి ముందుకు పోతుంది. మీ తెర బిగుసుకుపోవడం, ఆ గీత, రెండూ దీని ఛాయలే కావచ్చు. కావచ్చు అనే అంటున్నాను, గ్రాఫిక్స్ డ్రైవర్ తప్పు వల్ల కూడా అలాంటి గీతలు వస్తాయి. తేల్చుకునే దారి ఒకటే: బయోస్‌ను కంపెనీ సెట్టింగ్‌కు తిప్పి అదే ప్రాజెక్టును మూడు నాలుగుసార్లు ఎక్స్‌పోర్ట్ చేయండి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి "డబ్ల్యూహెచ్ఈఏ లాగర్" పేరుతో హెచ్చరికలు ఉన్నాయేమో చూడండి. ఉంటే హార్డ్‌వేరే తప్పులు చేసి దిద్దుకుంటోందని అర్థం. అంతదాకా స్టూడియోలు ఇచ్చిన కార్డుల్లోని ఫుటేజీని వేరే డిస్కులో కాపీ పెట్టకుండా చెరపకండి.

ఆ స్టూడియో యజమానికి ఏం చెప్పాలని కూడా అడిగారు. ఉన్నది చెప్పండి. "వేసవిలో మిషన్ వేడెక్కి తప్పు చేసింది, సెట్టింగ్ మార్చాను, ఆ ముక్క మళ్లీ చేసి పంపుతున్నాను" అంటే అర్థం చేసుకోని యజమాని తక్కువ. ఆయన కెమెరాలూ ఎండలో ఆగిపోయే ఉంటాయి.

మీరు అడగని ప్రశ్నకు కూడా జవాబిస్తాను, ఇందులోనే మీకు ఎక్కువ లాభం ఉంది కాబట్టి. మీ స్టూడియోల కెమెరాలు రంగుల వివరం ఎక్కువ ఉండే 10 బిట్ 4:2:2 హెచ్ఈవీసీ రకం వీడియో తీస్తాయనీ, ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద క్లిప్పులు ఆగి ఆగి నడుస్తున్నాయనీ, అందుకే ఓవర్‌క్లాక్‌కు ఒప్పుకున్నాననీ రాశారు. మీ 3060 కార్డుకు ఆ రకం వీడియోను విప్పే యంత్రాంగం లేదు. దాన్ని చేసిన ఎన్విడియా కార్డుల్లో 4:2:2ను విప్పే వీలు వచ్చింది 50 సిరీస్‌తోనే. కానీ మీ 12700కే లోపల ఉన్న చిన్న గ్రాఫిక్స్‌కు, యూహెచ్‌డీ 770కి, ఆ విద్య వచ్చు. క్విక్ సింక్ అంటారు. అంటే ఈ పనికి పనికొచ్చే ఒకే ఒక్క భాగాన్ని మీ మిత్రుడు వేడి తగ్గుతుందని ఆపేశాడు! అది ఆగిపోవడంతో ఆ పనంతా మామూలు కోర్ల నెత్తిన పడింది. కోర్లు వేడెక్కాయి. వేడెక్కాయని మనం కూలర్ కొనబోతున్నాం. గొంతుకు అడ్డంపడ్డ ముల్లును వదిలేసి నీళ్ల మీద నీళ్లు తాగుతున్నట్టుంది.

బయోస్‌లో ఐజీపీయూ మల్టీ మానిటర్ అనే పేరుతో ఒక సెట్టింగ్ ఉంటుంది. ఐజీపీయూ అంటే ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్సే. దాన్ని ఆన్ చేయండి, మానిటర్ తీగ కార్డుకే ఉండనివ్వండి, ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేయండి. తర్వాత ఎడిటింగ్ ప్రోగ్రామ్ ప్రీమియర్ ప్రోలో ప్రిఫరెన్సెస్, మీడియాకు వెళ్లి ఇంటెల్ హార్డ్‌వేర్ డీకోడింగ్‌కు టిక్కు పెట్టండి. ఎక్స్‌పోర్ట్‌లో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ ఎంచుకోండి. ఎంత తగ్గుతుందో మీ ఎఫెక్ట్‌లను బట్టి ఉంటుంది కాబట్టి అంకె చెప్పను. కానీ 4.7కూ 5.2కూ మధ్య వెతుక్కున్న నిమిషం కన్నా ఇక్కడ దొరికేది ఎక్కువ ఉంటుందని నా నమ్మకం. చేసి రాయండి.

గది కూలర్‌ను కంప్యూటర్‌కేసి తిప్పడం మాత్రం ఇవాళే ఆపండి. మన ఊళ్లలో బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. ప్యాడ్ల నుంచి వచ్చే సన్నటి తుంపర ఆరిపోతే మిగిలేదే ఆ తెల్లటి పొడి. దుమ్ముతో కలిసి తడి పట్టుకుంటే హీట్‌సింక్ రెక్కల మధ్య ముద్దలా బిగుస్తుంది, బోర్డు మీద పడితే తుప్పుకు దారి. మెత్తని బ్రష్‌తో, ఊదే బ్లోయర్‌తో ఆరిపోయిన పొడిని తీసేయండి, తడి గుడ్డ పెట్టకండి. కూలర్‌ను కిటికీ దగ్గర పెట్టి, ఎదురుగా తలుపు కొంచెం తెరిచి, గది మొత్తం చల్లబడేలా నడపండి. కంప్యూటర్ గదిలోని గాలినే పీలుస్తుంది కదా. పక్క తలుపు తీసినప్పుడు వచ్చిన 6 డిగ్రీల్లో కొంత కూలర్‌ది, కొంత తలుపుది. కూలర్ లేకుండా తలుపు మాత్రం తీసి చూడండి. అప్పుడూ నాలుగైదు తగ్గితే మీ క్యాబినెట్‌కు ఊపిరాడటం లేదన్నమాట. ముందు అద్దం పలక ఉన్న క్యాబినెట్ అని రాశారు. చూడ్డానికి బాగుంటాయి, గాలికి గోడలాంటివి. బల్ల కింది అరలోంచి దాన్ని బయటికి లాగి, వెనక జానెడు ఖాళీ వదిలి పెట్టినా తేడా కనిపిస్తుంది. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, కొత్త హీట్‌సింక్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించి, ప్రాసెసర్ లోపం అని రెండు రోజులు వాదించాను. పైసా ఖర్చు లేని తప్పులు ముందు వెతకమని అందుకే చెబుతున్నాను.

నాన్నగారి సంగతి. ఆయన కోపం మీ పని మీద కాదు, మీటరు మీద. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల లోపు ఉంటేనే జీరో బిల్లు, ఒక్క యూనిట్ దాటినా మొత్తం కట్టాలి. కాబట్టి 214లోని ఆ చివరి 14 యూనిట్లు ఇంట్లో అన్నిటికన్నా ఖరీదైనవి. ఓవర్‌క్లాక్ వల్ల గోడ ప్లగ్గు దగ్గర అదనంగా సుమారు 75 వాట్లు. రోజుకు ఐదు గంటల ఎక్స్‌పోర్ట్ అంటే నెలకు 11 యూనిట్లు. 214లోంచి 11 పోతే 203. చూశారా, ఇంకా మూడు మిగిలాయి! రాత్రి ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకుంటాననీ, పొద్దున్నే ఆపుతాననీ రాశారు. పని అయిపోయాక ఊరికే వెలిగి ఉండే ఆరు గంటలకు 70 వాట్ల చొప్పున లెక్కేసినా నెలకు 12 యూనిట్లు. ఎక్స్‌పోర్ట్ అయ్యాక దానంతట అదే ఆగిపోయేలా పెట్టండి. 191కి వచ్చేశారు. ఈ లెక్క కాగితం మీద రాసి నాన్నగారికి చూపించండి. గజాల లెక్క తెలిసిన మనిషికి యూనిట్ల లెక్క చెప్పడం కష్టం కాదు.

ఇక దారులు. మొదటిది, ఓవర్‌క్లాక్ పూర్తిగా తీసేసి కంపెనీ సెట్టింగ్‌కు వచ్చి, పవర్ లిమిట్‌ను చేత్తో 160 వాట్లకు కట్టడం. బయోస్‌లో ఇప్పుడు అక్కడ 4095 లాంటి విచిత్రమైన అంకె ఉంటుంది, హద్దు లేదని దాని అర్థం. కంపెనీ ఈ ప్రాసెసర్‌కు చెప్పిన పై హద్దే 190. మీ కూలర్ లెక్కన 150 వాట్ల దగ్గర, 38 డిగ్రీల గదిలో, ప్రాసెసర్ 80 చుట్టుపక్కల నిలవాలి. నష్టం: డిసెంబరులో సంపాదించిన ఆ నిమిషం పోతుంది, మిత్రుడు నవ్వుతాడు. లాభం: మధ్యాహ్నం రెండింటికీ రాత్రి రెండింటికీ ఒకే 14 నిమిషాలు. గడువు చెప్పి పని చేసే మనిషికి స్థిరత్వాన్ని మించిన వేగం ఏముంది? ముహూర్తాలు ఉన్నన్నాళ్లూ నేనైతే ఇదే చేస్తాను.

రెండోది, నడిమి దారి. వేగం 4.9కి దించి, వోల్టేజీని బిగించకుండా, అవసరాన్ని బట్టి మారే అడాప్టివ్‌లో పెట్టి, 1.27 చుట్టూ నిలబడుతుందేమో చూడటం. చాలా బోర్డుల్లో సెట్టింగ్‌లను పేరు పెట్టి దాచుకోవచ్చు, వేసవికి ఒకటి, చలికాలానికి ఒకటి దాచుకోండి. లేదా వేగం కంపెనీదే ఉంచి వోల్టేజీని 0.05 తగ్గించి, బాగుంటే ఇంకో 0.01, ఇంకో 0.01 అలా దిగుతూ రావడం. దీన్ని అండర్‌వోల్ట్ అంటారు. నా దృష్టిలో ఓవర్‌క్లాక్ కన్నా తెలివైన ఆట ఇదే, ఎందుకంటే పైన చెప్పిన వర్గం లెక్క ఇక్కడ మన వైపు పనిచేస్తుంది. కానీ గుర్తుంచుకోండి, వోల్టేజీ మరీ తగ్గినా లెక్కలు తప్పుతాయి, మళ్లీ ఆకుపచ్చ గీతే. తప్పు కనిపించిన అంకె కన్నా 0.02 పైన ఆగాలి. గంటల తరబడి పరీక్షించాలి. చేతిలో పెళ్లిళ్లు పెట్టుకుని చేసే పని కాదు.

మూడోది, 5.2 ఉంచుకుని లిక్విడ్ కూలర్ కొనడం. ప్రాసెసర్ వేడి పది డిగ్రీలు తగ్గుతుందని ఆశించవచ్చు, అదృష్టం బాగుంటే ఇంకొంచెం. కానీ అది కూడా గది గాలితోనే చల్లబరుస్తుంది, గది 38 అయితే 38 పైనే. వాట్లు తగ్గవు. యూనిట్లు తగ్గవు. ఆ వేడంతా మీ గదిలోకే వస్తుంది, దాన్ని బయటికి పంపడానికి మీ గది కూలర్ కష్టపడాలి. వీఆర్ఎమ్ సంగతి పైన చెప్పాను, దానికో ఫ్యాన్ వేరేగా పెట్టాల్సి వస్తుంది. పంపుకు ఐదారేళ్ల ఆయుష్షు అనుకోవచ్చు. మీకు 5.2 అంటే అంత ఇష్టమైతే తప్పేం లేదు, ఇష్టానికి డబ్బు పెట్టడం మనిషి లక్షణమే. పెట్టుబడి అని మాత్రం అనుకోకండి.

నాలుగోది, నాన్నగారి పెయింటు. నవ్వకండి, మీ సమస్యకు నేను విన్న పరిష్కారాల్లో ఇది వెనకబడినది కాదు. ఎండ నేరుగా తగిలే స్లాబుకు తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేస్తే కింది గది రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ అంటూ ఒకటి తెచ్చిందంటే ఊరికే కాదు. గది మూడు తగ్గితే మీ ప్రాసెసర్ మూడు తగ్గుతుంది, గ్రాఫిక్స్ కార్డు తగ్గుతుంది, వీఆర్ఎమ్ తగ్గుతుంది, అమ్మానాన్నా మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చగలుగుతారు. గది కూలర్ రోజుకు రెండు గంటలు తక్కువ తిరిగినా మీటరు సంగతి ఇంకొంచెం తేలిక. ఆ ఇంట్లో 10 వేలతో ఎక్కువ ప్రాణులను చల్లబరిచేది అదే. స్లాబు మీది అయితేనే, అద్దె ఇల్లయితే యజమానితో మాట్లాడుకోండి.

మూత తీసి లిక్విడ్ మెటల్ వేయడం గురించి వివరంగా రాయను. మీ తరం ప్రాసెసర్ మూతను లోపల లోహంతో అతికించారు, తీయబోతే చిప్పు పగిలే ప్రమాదం ఉంది, తీసినా దక్కేది కొద్ది. 2012 నుంచి 2018 దాకా చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో మూత కింద మామూలు పేస్టే ఉండేది, అప్పట్లో మూత తీస్తే నిజంగానే చాలా తగ్గేది. మీ మిత్రుడు చూసినవి ఆ కాలపు వీడియోలు అయ్యుంటాయి. మూత తీయకుండా పైనే లిక్విడ్ మెటల్ రాసినా, అది గాలియం మిశ్రమం, అల్యూమినియాన్ని తినేస్తుంది, ఒక్క చుక్క బోర్డు మీద జారితే కరెంటు అడ్డదారి పడుతుంది. పొట్ట పోసుకునే మిషన్ మీద వద్దు.

కే కొనడం తప్పా అన్నారు. కాదు. మిత్రుడి మాటా పూర్తిగా అబద్ధం కాదు, కాలం తప్పిందంతే. 1998లో సెలెరాన్ 300ఏ అనే చవక ప్రాసెసర్ వచ్చింది. ప్రాసెసర్‌ను బోర్డుతో కలిపే దారి, అంటే బస్, వేగం 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే 300 మెగాహెర్ట్జ్‌ది 450కి పరుగెత్తేది, సగానికి సగం ఉచితం. ఆ రోజుల్లో కంపెనీలు చాలా మిగిల్చి అమ్మేవి, ఓవర్‌క్లాక్ అంటే ఆ మిగులును దక్కించుకోవడమే. ఇప్పుడు టర్బో పేరుతో ఆ మిగులంతా కంపెనీయే ముందుగా వాడేసి ఇస్తోంది. మీరు కొన్న రోజునే మీ ప్రాసెసర్ దాదాపు తన శక్తి మేరకు పరుగెత్తుతోంది. కే వల్ల మీకు దక్కింది 5.2 కాదు, వోల్టేజీని, హద్దులను మీకు నచ్చినట్టు దిద్దుకునే వీలు. వేసవిలో దాన్ని కిందికి దిద్దుకోవడమూ అందులో భాగమే.

ఈ వారం చేయాల్సినవి: ఫుటేజీ కాపీలు, బయోస్ డీఫాల్ట్, 160 వాట్ల హద్దు, ఐజీపీయూ ఆన్. అంతకు మించి ఏదీ ముట్టుకోకండి. అండర్‌వోల్ట్, పేస్ట్ మార్పు, 4.9 ప్రయోగాలు అన్నీ ఆషాఢానికి వాయిదా వేయండి. అప్పటికి మీకు పెళ్లిళ్లూ ఉండవు, నాలుగు వానలూ పడి ఉంటాయి. గదిలో ఒక థర్మామీటరు వేలాడదీసి, ప్రతి పరీక్ష పక్కన గది వేడి ఎంతో కూడా రాసుకోండి. డిసెంబరులోనే ఆ 86 పక్కన గది వేడి కూడా రాసుకుని ఉంటే ఈ ఉత్తరం రాసే పని మీకు పడేది కాదు.